అడిగిన తీరులోనే సగం జవాబు

2003 జూన్‌లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో ఒక చిన్న వ్యాసం అచ్చయింది. మనవాళ్ళు ‘షాక్ ట్రీట్‌మెంట్’ అని పిలిచే విద్యుత్ చికిత్స గురించి, అది చేయించుకున్నవాళ్ళు ఏమంటున్నారో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చదివిన వ్యాసం అది. రాసినవాళ్ళు ఐదుగురు: డయానా రోజ్, పీట్ ఫ్లీష్‌మన్, టిల్ వైక్స్, మోర్వెన్ లీస్, జొనాథన్ బైండ్‌మన్. వీరిలో మొదటి ఇద్దరూ ఆ చికిత్స స్వయంగా చేయించుకున్నవాళ్ళు.

మానసిక వైద్యంలో, సామాజిక సేవలో ‘సేవలు పొందేవారి భాగస్వామ్యం’ అనే మాట ఇప్పుడు ప్రతి విధాన పత్రంలోనూ కనిపిస్తుంది. ఆచరణలో అది చాలాసార్లు కమిటీలో ఒక కుర్చీ దగ్గర, సభలో ఐదు నిమిషాల అనుభవ ప్రసంగం దగ్గర ఆగిపోతుంది. ఆ భాగస్వామ్యం పూర్తిగా జరిగితే ఎలాంటి పని బయటికొస్తుందో తెలుసుకోవాలంటే ఈ వ్యాసం చదవాలి. దీని గొప్పతనం తేల్చిన అంకెల్లో కంటే ఆ అంకెల దాకా వెళ్ళిన దారిలో ఎక్కువుంది. అందుకే ఆ పనితనాన్ని దగ్గరగా చూపించాలని నా ఆశ.

ముందు చికిత్స గురించి కాస్త. 1938లో రోమ్ నగరంలో ఉగో చెర్లెట్టి, లూచో బీనీ అనే వైద్యులు దీన్ని మొదటిసారి మనిషి మీద ప్రయోగించారు. తలకు కొద్ది సెకన్లపాటు కరెంటు పంపి మూర్ఛ తెప్పిస్తారు. తొలిరోజుల్లో మత్తు ఉండేది కాదు. ఒళ్ళంతా ఎగిరిపడి ఎముకలు విరిగిన సందర్భాలున్నాయి. ఇప్పటి పద్ధతిలో మత్తుమందు, కండరాలు సడలే మందు ఇచ్చాకే కరెంటు పెడతారు. సాధారణంగా వారానికి రెండుసార్ల చొప్పున ఆరు నుంచి పన్నెండు దాకా ఇస్తారు. అన్నం నీళ్ళు మానేసి మంచం పట్టిన తీవ్రమైన కుంగుబాటులో, మందులు పనిచేయనప్పుడు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు వైద్యులు దీన్ని ఎంచుకుంటారు. మన సినిమాలు చూపించే శిక్షలాంటి దృశ్యానికీ ఈనాటి చికిత్స గదికీ పోలిక తక్కువ. అయినా దీని చుట్టూ ఉన్న వివాదం సినిమాలు పుట్టించింది కాదు. బాగుపడ్డామని చెప్పేవాళ్ళున్నారు, నా జీవితంలోంచి కొన్నేళ్ళు తుడిచిపెట్టుకుపోయాయని చెప్పేవాళ్ళూ ఉన్నారు.

బ్రిటన్‌లో మానసిక వైద్యుల రాయల్ కాలేజీ రోగులకు చెబుతూ వచ్చిన మాట వేరుగా ఉండేది. నూటికి 80 మందికి పైగా ఈ చికిత్సతో తృప్తి పడుతున్నారనీ, జ్ఞాపకశక్తికి కలిగే నష్టం వైద్యపరంగా లెక్కించదగ్గది కాదనీ ఆ మాట సారాంశం. మరోవైపు రోగుల సంఘాలు తమ సభ్యులను అడిగి వేరే అంకెలు ప్రకటించేవి. వైద్యులు ఆ సర్వేలను పట్టించుకునేవాళ్ళు కాదు. కోపంగా ఉన్నవాళ్ళే వాటికి జవాబులు రాస్తారని వాళ్ళ అభ్యంతరం. సంఘాలవాళ్ళు వైద్యుల అధ్యయనాలను నమ్మేవాళ్ళు కాదు. ఎవరి అంకెలు వాళ్ళవి.

ఈ స్థితిలో బ్రిటన్ ఆరోగ్య శాఖ రెండు సమీక్షలు చేయించింది. చికిత్స పనిచేస్తుందా లేదా అన్నది ఒకటి. అది 2003లోనే ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. కరెంటు పెట్టినట్టు నటించిన ఉత్తుత్తి చికిత్స కంటే అసలు చికిత్స కుంగుబాటు మీద స్వల్పకాలంలో బాగా పనిచేస్తుందని తేల్చింది. చేయించుకున్నవాళ్ళు ఏమనుకుంటున్నారన్నది రెండోది. ఆ పని లండన్ కింగ్స్ కాలేజీలోని మానసిక వైద్య సంస్థలో 2001లో మొదలైన ఒక చిన్న విభాగానికి వచ్చింది. ఆ విభాగంలో పరిశోధకులుగా ఉన్నవాళ్ళలో చాలామంది స్వయంగా మానసిక వైద్య సేవలు పొందినవాళ్ళు. అదే అర్హతగా పెట్టి ఏర్పరిచిన విభాగం అది.

డయానా రోజ్ ఆ పనికి అన్నివిధాలా తగిన మనిషి. సామాజిక మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ ఉంది. మానసిక అనారోగ్యం వల్ల విశ్వవిద్యాలయ ఉద్యోగం పోయింది. రోగుల హక్కుల ఉద్యమంలో ఏళ్ళ తరబడి పనిచేసింది. 1990లలో, సేవలు పొందినవాళ్ళకే శిక్షణ ఇచ్చి, సాటి రోగులను వాళ్ళ చేతే ఇంటర్వ్యూ చేయించే పద్ధతిని లండన్‌లో రూపుదిద్దింది. తర్వాత ఈ రంగంలో ప్రొఫెసర్ అయింది. అంటే గణాంకాలు చదవడమూ తెలుసు, వార్డులో మంచం మీద కూర్చుని డాక్టరు రౌండ్స్ కోసం ఎదురుచూడడమూ తెలుసు. ఈ రెండు తెలివిడులూ ఒకదానికొకటి అడ్డు రాకుండా ఎలా కలిసి పనిచేశాయో ఆ వ్యాసం ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది.

రోజ్ బృందానికి దొరికిన అధ్యయనాలు 35. వైద్యులు, వైద్య సంస్థలు చేసినవి 26. రోగులు స్వయంగా చేసినవో వాళ్ళ సహకారంతో చేసినవో 9. ఇక్కడ వాళ్ళ ముందు రెండు సులువైన దారులున్నాయి. రోగుల సర్వేలే నిజమని, వైద్యుల సర్వేలు పక్షపాతమని ప్రకటించడం ఒకటి. అన్నిటినీ కలిపి కూడి భాగించి ఒక సగటు చెప్పడం రెండోది. మొదటిది ఉద్యమానికి నచ్చేది, రెండోది పత్రికలకు నచ్చేది. రెండూ వదిలేసి వాళ్ళు ప్రతి అధ్యయనాన్నీ కొన్ని చిన్న ప్రశ్నలు అడిగారు. అడిగిందెవరు? ఎక్కడ అడిగారు? చికిత్స అయిన ఎన్నాళ్ళకు అడిగారు? ఎన్ని ప్రశ్నలు, ఎంత లోతుగా అడిగారు?

ఇంతే. చూడ్డానికి ఇవి గుమాస్తా ప్రశ్నల్లా ఉంటాయి. అనుభవం లేనివాడికి తట్టవు మరి. ఆ గదిలో కూర్చున్న మనిషిని ఒకసారి ఊహించుకుంటే వీటి విలువ తెలుస్తుంది. చివరి చికిత్స జరిగి నాలుగు రోజులయింది. తల ఇంకా దిమ్ముగా ఉంది. ఎదురుగా కూర్చున్నది కరెంటు పెట్టించిన డాక్టరో, ఆయన కింద పనిచేసే చిన్న డాక్టరో. ఎప్పుడు ఇంటికి పంపాలో నిర్ణయించేది కూడా వాళ్ళే. “చికిత్స మీకు మేలు చేసిందా?” అని ఒక్క ప్రశ్న. జవాబు అవును, కాదు అని రెండే గళ్ళు. ఆ మనిషి ఏం చెబుతాడు? అవుననే అంటాడు. అందులో అబద్ధం ఉండాల్సిన పనిలేదు. నిజంగానే కాస్త తేలికపడి ఉండవచ్చు. ఆ మేలు ఆరు నెలలు నిలుస్తుందా, ఈలోగా ఏం మరిచిపోయాడు అన్నవి అతనికే ఇంకా తెలియని సంగతులు. అదే మనిషిని ఏడాది తర్వాత అతని ఇంట్లో, అదే చికిత్స చేయించుకున్న ఇంకొకరు కూర్చోబెట్టి ఇరవై ప్రశ్నలు అడిగితే వచ్చే జవాబు వేరు.

ఈ సంగతి వైద్యులకు బొత్తిగా తెలియదని కాదు. 1980లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం ఎడిన్‌బరోలో ఫ్రీమన్, కెండెల్ అనే ఇద్దరు మానసిక వైద్యులు 166 మందిని పిలిచి మాట్లాడారు. చాలామందికి ఈ చికిత్స పెద్ద భయమేమీ కలిగించలేదని రాశారు. అదే వ్యాసంలో, చికిత్స పొందిన ఆసుపత్రికే తిరిగొచ్చి డాక్టరు ముఖం మీద ఆ చికిత్సను తప్పుపట్టడం ఎవరికైనా కష్టమేనని నిజాయతీగా ఒప్పుకున్నారు. తర్వాతి వాళ్ళు పై మాటను పదేపదే ఉదహరించారు. ఈ ఒప్పుకోలు మాత్రం వెనక్కి పోయింది. రోజ్, ఫ్లీష్‌మన్ చేసిన పనిని ఒక్క మాటలో చెప్పాలంటే, దాదాపు పాతికేళ్ళుగా సందేహంగా మిగిలిన ఆ వాక్యాన్ని కొలవదగ్గ అంశంగా మార్చారు. అడిగిన మనిషి, చోటు, సమయం, ప్రశ్నల సంఖ్య అనే నాలుగింటినీ పట్టికకెక్కించి, వాటి పక్కన ‘మేలు జరిగింది’ అన్నవాళ్ళ శాతాన్ని నిలబెట్టారు.

చికిత్స వల్ల మేలు జరిగిందా అని విచారించిన అధ్యయనాలు 16. అడిగిన పద్ధతిని బట్టి తృప్తి శాతం మారుతోందని వాటిలో తేలింది. చికిత్స అయిన వెంటనే, ఆసుపత్రిలో, వైద్యులు, తక్కువ ప్రశ్నలతో అడిగినచోట శాతం ఎక్కువ. రోగులే నడిపిన అధ్యయనాల్లో తక్కువ. వాళ్ళ సంయమనం ఇక్కడ చూడాలి. అధ్యయనాలు ఒకదానితో ఒకటి పొసగనంత వేరువేరుగా ఉన్నాయని స్పష్టంగా చెప్పి, వాటన్నిటినీ ఒక అంకెలోకి కుదించడానికి ఒప్పుకోలేదు. చికిత్స పనికిరాదని ఎక్కడా అనలేదు. 80 శాతం తృప్తి అన్న మాట నిలవదు, ఎందుకంటే అది అడిగిన తీరు నుంచి విడదీయలేని అంకె; అంతవరకే అన్నారు. తమ మీద జరిగిన చికిత్స గురించి రాస్తూ అంతకంటే ఒక్క అడుగు ముందుకు వేయకపోవడం ఎంత నిగ్రహమో, వివాదంలో ఎప్పుడైనా ఒక పక్షాన నిలబడినవాళ్ళకు తెలుస్తుంది.

జ్ఞాపకం విషయానికొస్తే వ్యాసం ఇంకా బలంగా నిలబడుతుంది. దీర్ఘకాలం మిగిలిపోయిన మతిమరుపు గురించి సరైన రీతిలో అడిగిన అధ్యయనాలు ఏడు దొరికాయి. వాటిలో ఆ నష్టం చెప్పినవాళ్ళు 29 నుంచి 55 శాతం దాకా ఉన్నారు. మొత్తం మీద కనీసం మూడో వంతు అని తేల్చారు. ఇది రోగుల సంఘాల నుంచి మాత్రమే వచ్చిన లెక్క అనుకుంటే పొరపాటు. ఎడిన్‌బరో వైద్యుల అధ్యయనంలోనే దాదాపు 30 శాతం మంది తమ జ్ఞాపకశక్తి మళ్ళీ మామూలు స్థితికి రాలేదని చెప్పారు. వైద్యుల కాగితాల్లోనే ఉన్న సంగతిని రోగి కళ్ళతో చదివితే గానీ అది కనపడలేదు.

మరి ‘లెక్కించదగ్గ నష్టం లేదు’ అని అంతకాలం ఎలా అనగలిగారు? మతిమరుపు పరీక్షలు ఏం కొలిచేవో చూస్తే అర్థమవుతుంది. ఒక పదాల జాబితా చదివి వినిపిస్తారు. కాసేపాగి అవే పదాలు చెప్పమంటారు. బొమ్మ చూపించి మళ్ళీ గీయమంటారు. కొత్త సంగతి నేర్చుకుని నిలుపుకోగలుగుతున్నారా అన్నది దీంతో తెలుస్తుంది. చికిత్స అయిన కొద్ది వారాలకు చాలామంది ఈ పరీక్షలో నెగ్గుతారు. కానీ వాళ్ళు చెప్పుకునే బాధ అది కాదు. కూతురి పెళ్ళి ఫొటోల్లో తాను నవ్వుతూ నిలబడి ఉంది, ఆ రోజు గురించి ఏమీ గుర్తులేదు అనేది వాళ్ళ బాధ. పదేళ్ళు చేసిన పనిలో మెళకువలు చేతికి రావడం లేదన్నది ఇంకొకరి బాధ. అప్పటికే దాచుకున్న జీవితం పోయింది. పరీక్షేమో కొత్తగా దాచుకోగలరా అని చూస్తోంది. తమ కొలబద్దకు అందని నష్టాన్ని లేదనేయడం శాస్త్రంలో తరచుగా జరిగే తప్పే. దాన్ని పట్టుకోవడానికి, పోగొట్టుకున్నవాళ్ళు పరిశోధకుల బల్లకు ఇటువైపు కూర్చోవాల్సి వచ్చింది.

అంకెలతో పాటు వాళ్ళు మాటలనూ సేకరించారు. చికిత్స పొందినవాళ్ళు స్వయంగా చెప్పుకున్న అనుభవాలు 130కి పైగా పోగుచేసి, వాటిలో పదేపదే వచ్చే సంగతులను వర్గీకరించారు. సాధారణంగా ఇలాంటి మాటలు నివేదికల్లో అలంకారంగా వాడతారు: అంకెల మధ్య ఒక డబ్బా కట్టి అందులో ఒక కన్నీటి వాక్యం. వీళ్ళు మాటలకు ఆధారం హోదా ఇచ్చారు. సర్వేలు ఏం అడగడం మరిచిపోయాయో అవి చూపించాయి.

ఈ పనిలోంచే 2005లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ’లో రెండో వ్యాసం వచ్చింది. ఇది అంగీకారం గురించి. చికిత్సకు ముందు తగినంత సమాచారం అందిందని చెప్పినవాళ్ళు సుమారు సగమే. దానికంటే కలవరపెట్టేది, అంగీకార పత్రం మీద సంతకం పెట్టినవాళ్ళలో కూడా దాదాపు మూడో వంతు మంది తాము ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నామని అనుకోవడం లేదు. ఫైలులో సంతకం ఉంది. పెట్టిన మనిషి లెక్కలో ఒప్పుకోలు లేదు. ఒప్పుకోకపోతే ఎలాగూ బలవంతంగా చేస్తారన్న భయం ఉన్నచోట సంతకం దేనికి రుజువు? ఫైలు మాత్రమే చూసే పరిశోధకుడికి ఈ ప్రశ్న పుట్టదు. అక్కడున్న రక్షణలు నిజమైన అంగీకారానికి చాలవని ఆ వ్యాసం ముగించింది.

ఫలితం కాగితం మీద ఆగిపోలేదు. మొదటి వ్యాసం అచ్చుకావడానికి రెండు నెలల ముందే, 2003 ఏప్రిల్‌లో, వైద్య ప్రమాణాలు నిర్ణయించే బ్రిటన్ జాతీయ సంస్థ ‘నైస్’ ఈ చికిత్స మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మిగతా వైద్యాలు విఫలమైనప్పుడు, లేదా ప్రాణాపాయం ఉందనిపించినప్పుడు, తీవ్రమైన లక్షణాల నుంచి త్వరగా ఉపశమనం కోసమే వాడాలని పరిమితి పెట్టింది. జ్ఞాపకశక్తి నష్టం గురించి సేవలు పొందినవాళ్ళు చెప్పినదాన్ని ప్రత్యేకంగా పరిగణనలోకి తీసుకున్నామని అందులోనే రాసింది.

కింగ్స్ కాలేజీలోని ఆ విభాగం తర్వాత ఇంకో మెట్టెక్కింది. ఇతరుల ప్రశ్నలను పరీక్షించడంతో ఆగక ప్రశ్నలనే కొత్తగా తయారుచేసింది. ఆసుపత్రి వార్డులో ఉండడం ఎలా ఉందో కొలిచే ‘వాయిస్’ అనే ప్రశ్నావళి 2012లో వెలువడింది. దాన్ని తయారుచేసిన తీరు నేర్చుకోదగ్గది. వార్డుల్లో ఉండి వచ్చినవాళ్ళను చిన్న బృందాలుగా కూర్చోబెట్టారు. నడిపినవాళ్ళూ ఆ అనుభవం ఉన్నవాళ్ళే. మొదటి సమావేశంలో ఏది ముఖ్యమో బృందం చెప్పింది. పరిశోధకులు దాన్ని ప్రశ్నలుగా రాసుకొచ్చి అదే బృందాన్ని మళ్ళీ పిలిచి, మీరన్నది ఇదేనా అని అడిగారు. ఆ తర్వాతే గణాంక పరీక్షలు. చివరికి 19 ప్రశ్నలు మిగిలాయి. దాన్ని వాడి చూస్తే, చట్టం కింద బలవంతంగా చేర్చబడినవాళ్ళ అనుభవం మిగతావాళ్ళకంటే బాగా అధ్వానంగా ఉందని తేలింది. చెప్పినదాన్ని రాసుకుపోవడం అందరూ చేస్తారు. రాసింది తీసుకుని తిరిగి రావడమే అసలు మర్యాద.

ఇదంతా లండన్ సంగతి. మన దగ్గర దీనికి పనేముంది? చాలా ఉంది. మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, కాగితం మీద ఎంతో ముందడుగు. మత్తుమందు, కండరాలు సడలే మందు లేకుండా ఈ చికిత్స చేయడాన్ని అది నిషేధించింది. రేపు నాకు ఆరోగ్యం బాగాలేకపోతే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది. నా తరఫున మాట్లాడే మనిషిని నేనే ఎంచుకునే హక్కు ఇచ్చింది. కేంద్ర, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థల్లో మానసిక అనారోగ్యం అనుభవించినవాళ్ళకు సభ్యత్వం కల్పించింది. కుర్చీలు వేశారు. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఏ పని చేయాలన్నదానికి రోజ్ బృందం మంచి నమూనా.

నమూనాను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మాత్రం చాలదు. లండన్ పట్టికలో లేని గడి ఒకటి మన దగ్గర చేర్చాలి: పక్కన ఎవరున్నారు? మన ఓ.పి. గదిలో డాక్టరు, “ఎలా ఉందమ్మా?” అని అడిగేది రోగిని. జవాబు వచ్చేది అన్న నుంచో భర్త నుంచో. “ఇప్పుడు నయం సార్, అన్నం తింటోంది, గొడవ చేయట్లేదు.” కేసు షీటులో ‘మెరుగు’ అని పడుతుంది. ఆ అన్న చెడ్డవాడు కాదు. ఊరి నుంచి బస్సెక్కి, పనికి సెలవు పెట్టి, రాత్రంతా వరండాలో పడుకున్నవాడు. అతని మాటా వినాల్సిందే. కానీ అతను చెప్పింది ఇంటికి కలిగిన నెమ్మది. ఆమెకు కలిగిన మేలు ఆమెనే అడగాలి. విడిగా అడగాలి, కొన్నాళ్ళయ్యాక మళ్ళీ అడగాలి, ఆమె మాట్లాడే తెలుగులో అడగాలి. అడిగేవాళ్ళలో అదే దారిన నడిచొచ్చినవాళ్ళు ఉండాలి.

హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. సోషల్ వర్క్ చదివే పిల్లలు ఏటా ఇలాంటి ఆసుపత్రులకు ఫీల్డ్ వర్క్ కోసం వెళ్తారు, ప్రశ్నావళులు పట్టుకుని తిరుగుతారు. ఆ ప్రశ్నావళి అచ్చుకు వెళ్ళకముందే, చికిత్స పొంది ఇంటి దగ్గర ఉంటున్న పదిమందిని పిలిచి, కూలి నష్టపోకుండా డబ్బిచ్చి, ‘ఇందులో మేం అడగనిదేమిటి?’ అని అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద నిధులూ అక్కర్లేదు. వాళ్ళు చెప్పినదాన్ని బట్టి ప్రశ్నలు మార్చుకుని, వచ్చిన ఫలితాలు మళ్ళీ వాళ్ళకే చదివి వినిపించాలి. వాళ్ళ పేరు రచయితల వరసలో ఉండాలి. 2003 నాటి ఆ వ్యాసంలో మొదటి రెండు పేర్లు అలా వచ్చినవే. ఆ ఇద్దరూ రాయకపోతే 80 శాతం అన్న అంకె ఇంకెన్నాళ్ళు చెలామణీ అయ్యేదో!